ఏడాది తప్పనివ్వని అక్కయ్య

మా అక్కయ్య పోయింది. థాంక్స్‌గివింగ్ వెళ్ళిన మంగళవారం పొద్దున్న ఆసుపత్రి నుంచి బావగారు ఫోన్ చేసి, "అయిపోయిందమ్మా" అన్నారు. అక్కయ్యంటే నా తోడబుట్టింది కాదు, తోడికోడలు. ఎడిసన్‌లో పదకొండేళ్ళు ఒకే ఇంట్లో కాపురం చేశాం, వాళ్ళు పైన, మేము కింద. ఆవిడతో పోట్లాడినంతగా నేనెవరితోనూ పోట్లాడలేదు. అందులో సగం పోట్లాటలు క్రిస్మస్ చెట్టు గురించే.

పోయే ముందు ఆదివారం నా చెయ్యి పట్టుకుని, "ఈసారి నేనుండను. ఏడాది తప్పకుండా చూడవే" అంది. నేను "చూద్దాంలే" అన్నాను. సరే అంటే నా సొమ్మేం పోయేది? ఆ ముక్క అప్పట్నుంచీ నన్ను తినేస్తోంది.

ఏమిటా తప్పకూడనిదంటే, డెబ్భై ఎనిమిది నుంచి చెప్పాలి. అప్పుడు ఆవిడ కూతురు ఫస్ట్ గ్రేడ్. క్లాసులో చెట్టుకి వేలాడదీయడానికి ఇంటి నుంచి తలా ఒక ఆర్నమెంటు తెమ్మంది టీచరు. మనింట్లో లేదని పిల్ల ఒకటే ఏడుపు. అక్కయ్య పూజ అలమరలోంచి ఏటికొప్పాక లక్క భరిణె తీసి, కుంకుమ ఖాళీ చేసి, ఎర్రదారం కట్టి పంపింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కుంకుమ భరిణె తీసుకెళ్ళి చెట్టుకి కడతారా ఎక్కడైనా! భరిణె ఇంటికి తిరిగొచ్చిన సాయంత్రం ఆవిడ ఏకంగా చెట్టే కొనుక్కొచ్చింది. దాని మీద అదొక్కటే వేలాడుతుంటే పిల్లలు ముగ్గురూ, అంటే అక్కయ్య పిల్లలిద్దరూ మా వాడూ, కళ్ళప్పగించి కూర్చున్నారు.

ఆవిడకి తెలిసింది బొమ్మల కొలువు. కొలువులో ఏటా ఒక కొత్త బొమ్మ చేరాలి కదా, ఆ లెక్కే చెట్టుకీ పెట్టింది. ఏటా ఒక్కటి, ఇంటి మొత్తానికి. పిల్లలు వంతులవారీగా ఎంచాలి, పెద్దవాళ్ళు నోరెత్తకూడదు. కొలువు లెక్క ఎంతదాకా పోయిందంటే, సంక్రాంతి వెళ్ళేదాకా చెట్టు తియ్యకూడదని పట్టుబట్టింది. తీసి వీధిలో పెట్టేసరికి పాత చెట్లు ఎత్తుకెళ్ళే టౌన్ వాళ్ళ బండి వచ్చి వెళ్ళిపోయి పది రోజులైంది. ఉగాది దాకా మా పెరట్లో పుల్లల మోడు. కార్పెట్‌లోంచి ఆకులు నేను వేసవిదాకా ఏరాను, తిట్టుకుంటూనే.

ఒక ఏడు ఆవిడ కొడుకు ప్లాస్టిక్ డైనోసార్ ఎంచాడు. ఇంకో ఏడు మా వాడు పక్కింటివాళ్ళ గరాజ్ సేల్‌లో సగం రంగు పోయిన రేకు గంట తెచ్చాడు. బాగాలేదంటే అక్కయ్య ఊరుకునేది కాదు. "బాగుండడం కాదే ముఖ్యం, ఆ ఏడాది వీళ్ళు ఎలా ఉన్నారో తెలియాలి" అనేది. ప్రతిదాని అడుగునా గోళ్ళరంగుతో సంవత్సరం వేసేది.

ఎనభై నాలుగులో, నవంబర్‌లో, ఇండియాలో మా మామగారు పోయారు. ఏటిసూతకం, పండగల్లేవు, చెట్టు లేదు అని నేను ఖండితంగా చెప్పాను. ఆవిడ వాదించలేదు. "సరే, చెట్టు పెట్టం, ఏమీ కొనం" అంది. నేను గెలిచాననుకున్నాను. మర్నాడు చూస్తే వాళ్ళ వంటింటి కిటికీకి నీలం కాగితం పక్షి వేలాడుతోంది. మామగారు రాసిన ఆఖరి ఎయిరోగ్రామ్! పెద్దాయన చేతిరాతతో బొమ్మలు చేస్తావా అని కేకలేశాను. ఆవిడ నిదానంగా అంది: "చించలేదే, మడిచానంతే. విప్పితే మళ్ళీ చదువుకోవచ్చు. పండగ పెద్దవాళ్ళకి ఆగుతుంది. పిల్లలు మాత్రం ఆ ఏడూ పెరుగుతారుగా." అప్పుడు ఒప్పుకోలేదు గానీ, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆ ఇంట్లో నాకంటే గట్టి మనిషి ఆవిడే.

పన్నెండో రోజు అయిపోయాక తెలిసినావిడ ఒకరు ఫోన్ చేసి, ఈ ఏడు మీకా చెట్టూ అదీ ఉండదుగా అన్నారు. ఒకప్పుడైతే ఆ మాట నేనే అనేదాన్ని. "ఉంటుందండీ" అని పెట్టేశాను.

ఈ ఏడు వంతు అక్కయ్య కూతురిది. పదహారేళ్ళు వచ్చాయి. పైకి వెళ్ళి అడిగితే మంచం మీంచి లేవలేదు. "నాకొద్దు పిన్నీ. అమ్మ లేకుండా, ఐ కాంట్" అని గోడవైపు తిరిగింది. బతిమాలాను, కోప్పడ్డాను, లాభం లేకపోయింది. నువ్వు రాకపోతే నేనే తెస్తానని శనివారం మధ్యాహ్నం ఒక్కదాన్నే మాల్‌కి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను.

పదేళ్ళూ సణగడమే తప్ప ఒక్కటంటే ఒక్కటి ఎంచి ఎరుగను. గోడంతా వేలాడుతున్నాయి, ఏది తియ్యాలో తెలియలేదు. అక్కయ్య పోయాక మొదటిసారి బాగా ఏడుపొచ్చింది, ఆ జనంలోనే. చేతికందింది ఒకటి తీసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి డబ్బా పిల్ల పక్కన పెట్టాను. చాలాసేపటికి మూత తీసింది. గోల్ఫ్ ఆడుతున్న సాంటా. దాన్ని అటూ ఇటూ తిప్పి నావైపు చూసింది.

"పిన్నీ, మనింట్లో ఎవరూ గోల్ఫ్ ఆడరు."

"దొరికింది తెచ్చాను. నాకేం తెలుసు?"

"ఇట్స్ సో బ్యాడ్. అమ్మ అయితే నవ్వేది." కళ్ళు తుడుచుకుని లేచి కూర్చుంది. "రిసీట్ ఉందా?"

పర్సు కిందికి మీదికి వెతికి, ఆ చీటీ దొరకబుచ్చుకుని నేను వాకిట్లోకి వచ్చేసరికి, అది వాళ్ళమ్మ కోటు వేసుకుని కారు అద్దం మీద మంచు గీకుతోంది.