ఏడో ప్రశ్న

పాస్టర్ జైరాం జూలూరుపాడు నుంచి తండాకు సైకిల్ మీదే వస్తాడు. క్యారియర్‌కు రబ్బరు ట్యూబుతో కట్టిన లావు పుస్తకాలు, జేబులో సిరా పెన్ను. నలభై ఏడేళ్ల వయసులో సెమినరీలో దైవశాస్త్రం, పరిచర్యలో డాక్టరేటు చేస్తున్నాడు. ఏది రాసినా సిరా ఆరేదాకా నోటితో ఊదుతాడు, రాసినదాన్ని కొట్టేయడు. డిగ్రీ ఇవ్వాలంటే సంఘస్థులు ఆయన పరిచర్యకు మార్కులు వేయాలని సెమినరీ ఫారం పంపింది. తండాలో చదువు వచ్చినవాళ్లు తక్కువ. అందుకని ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు కూర్చుని, ఇంగ్లీషు ప్రశ్నలను తనే తెలుగు చేసి అడుగుతూ, వాళ్లు చెప్పిన మార్కు తనే వేస్తున్నాడు.

"ఏడో ప్రశ్న. కష్టమొచ్చిన నాడు పాస్టరు మీ దగ్గరున్నడా? ఐదుకు ఎన్ని?"

"మా ముసలాయన పోయిన నాడు నువ్వు పరీక్షకు పోయినవ్ గద," అంది ముందు కూర్చున్న ముసలి బాలి. "సున్నా ఏసుకో."

సంఘపెద్ద చందూలాల్ జైరాం చెవి దగ్గరకు వంగాడు. "సున్నా ఉంటే డిగ్రీ ఆపుతరంట. ఐదు ఏయుండ్రి పాస్టరు గారూ, ఆమెకేం ఎరుక?"

జైరాం సున్నా వేశాడు, గుండ్రంగా, గడి నిండా.

చందూలాల్ మాట చెవిన పడి ముసలామెకే జాలేసింది. "గిట్ల ఏస్తే డాక్టరు ఎట్లయితవయ్యా?"

"ఈ సున్నాతోనే అయిత అవ్వా. ఆపితే వచ్చే ఏడు ఇదే ఫారం పట్టుకొని నీ దగ్గరికే వస్త."

"అప్పటికి నేనుంటనో పోతనో."

"పోతే ఈసారి నేనుంట," అన్నాడు జైరాం. సున్నా ఆరేదాకా ఊది, ఎనిమిదో ప్రశ్న అడిగాడు.