గోనెసంచి దయ్యం

ఉద్యమం రోజుల్లో ఒకసారి దిల్‌సుఖ్‌నగర్‌లో రాస్తారోకో వల్ల మా బస్సు ఆగిపోయింది. పక్క సీటాయన ఒడిలో సంచినిండా ఎవరూ చూడని దయ్యాల సినిమాల సీడీలు.

"గ్రాఫిక్స్ దయ్యం గూడ దయ్యమేనా సార్? గోనెసంచి కప్పుకొని ఉరికొస్తది సూడు, గదీ దయ్యమంటే," అన్నాడు.

నలభై దాటిన మనిషికి ఇదేం పిచ్చి అనుకుని మొహం తిప్పుకున్నాను.

అంతలో ఎటునుంచో రాయి వచ్చి కిటికీ అద్దం పగిలింది. అందరం తలలు దాచుకున్నాం. ఆయన మాత్రం సంచిమీద బోర్లాపడ్డాడు. నుదుటినుంచి రక్తం కారుతుంటే, "సీడీలకు గీతలు పడ్డయా, జర సూడు సార్," అన్నాడు.

విసుక్కుంటూనే తీసి చూశాను. పడలేదన్నాను. దారి వదిలాక, ఎల్బీనగర్‌లో దిగుతూ ఒక సీడీ నా చేతిలో పెట్టాడు.

ఆ సినిమా నేననుకున్నదానికన్నా చెత్తగా ఉంది. మా ఆవిడ పగలబడి నవ్వితే మాత్రం నాకెందుకో కోపమొచ్చింది.