అంబలి కుండ కడిగేసిన రోజు

గ్రూపులో అందరూ బాగున్నారా? హార్బర్ దగ్గర తమ్ముడూ, షుగర్ మాత్రలు మర్చిపోకుండా వేసుకుంటున్నావా? మరదలికి నడుం నొప్పి తగ్గిందా? పాపకి దగ్గు ఎలా ఉంది... ఫోటోలో చిక్కిపోయినట్టు కనపడింది, అప్పటినుంచీ నాకు అదే దిగులు. నేను బాగానే ఉన్నాను. బీపీ ఉంది, అది ఎప్పుడూ ఉండేదే.

మా చిన్నప్పుడు... విశాఖ పక్కన మా యారాడలో ప్రతి ఇంట్లో పొయ్యి పక్కన ఒక పులుపు కుండ ఉండేది. చోడి పిండి, అదే రాగి పిండి, నీళ్ళలో కలిపి అందులో పోస్తే తెల్లారేసరికి పులిసేది. దాన్ని ఉడికిన నూకల్లో పోసి కాస్తే అంబలి. కుండ అడుగున మాత్రం ఎప్పుడూ కాస్త పులుపు ఉంచేవారు... మర్నాటి పిండిని పులియబెట్టేది అదే. అది పోయిందంటే మళ్ళీ మొదటినుంచి పులియడానికి మూడు రోజులు.

మా నాన్న తెప్ప మీద వేటకు వెళ్ళేవాడు. తెల్లవారకముందు బయలుదేరితే మధ్యాహ్నం దాటాకే ఒడ్డుకు రావడం. సముద్రం మీద ఆ ఎండలో అన్నం గొంతు దిగదు... అంబలి చల్లగా దిగిపోతుంది. దాహానికీ అదే, ఆకలికీ అదే.

నేను చదివింది మూడో తరగతి వరకే. అందులో నాకు బాగా గుర్తుండిపోయింది ఒకటే... నురగ కట్టిన నీళ్ళలో పురుగులుంటాయని, తాగితే వాంతులూ విరేచనాలూ పట్టుకుని మనుషులు పోతారని మాస్టారు చెప్పారు. ఆ రోజు ఇంటికొచ్చి కుండలోకి చూస్తే ఇంత నురగ. చెవి పెట్టి వింటే లోపల చిటచిటమని చప్పుడు. నాన్న రోజూ తాగేది దీన్నే కదా...

అమ్మ ఎండు చేపలు అమ్మడానికి టౌనుకు వెళ్ళింది. నేను పులుపంతా పారబోసి, బూడిద పెట్టి తోమి, కుండను ఎండలో బోర్లించాను. ఎంత శుభ్రంగా తోమానో అని కాసేపు గొప్పగా కూడా అనిపించింది.

సాయంత్రం పిండి కలపాలని గుర్తొచ్చింది, కుండలో చూస్తే చుక్క పులుపు లేదు. రేపు నాన్న ఏం పట్టుకెళ్తాడు? తెప్ప మీద కళ్ళు తిరిగితే? నీళ్ళలో పడిపోతే?

వీధిలో ఆడవాళ్ళంతా చేపలమ్మడానికి వెళ్ళిపోయారు. కాలు బెణికి ఇంట్లో ఉన్నది పక్కింటి పైడమ్మ పిన్ని ఒక్కతే. మా కోళ్ళు ఆవిడ ఆరబెట్టిన చేపల్లో పడ్డాయని అమ్మకీ ఆవిడకీ గొడవై, రెండేళ్ళుగా మాటల్లేవు. అయినా గిన్నె పట్టుకుని వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"ఏటే, మీయమ్మ పంపిందేటి?"

"నేదు పిన్నీ... నానే వచ్చినాను. పులుపు కుండ కడిగేసినాను."

"బూడిదెట్టి తోమినావా?"

"ఊఁ."

"ఎండలో కూడా ఎట్టినావా?"

"ఊఁ."

"మరింకేటి మిగిలినాది, నీ బయ్యం తప్ప?" అని నవ్వింది. నన్ను లాక్కుపోయి నా చెవిని తన కుండకి ఆనించింది. అదే చిటచిట. "సప్పుడు సేత్తన్నాదంటే బతికున్నట్టే. సప్పుడాగితే అప్పుడు బయపడు. పిండి తెచ్చినావా?"

తేలేదన్నాను.

"ఉత్తి గిన్నెలో పులుపు పొయ్యరే. దారిలో ఆకలికి సచ్చిపోద్ది."

దారంటే పది అడుగులు. అయినా తన పిండే గుప్పెడు వేసి, దాని మీద రెండు గరిటెల పులుపు పోసింది.

"అమ్మకి తెలిస్తే పారబోసేస్తాది పిన్నీ."

"నాకు కోపం మీయమ్మ మీద. వేటకెల్లే మనిసి మీద నాకేటి కోపం? పో, ఒలకబోసీకు."

పిండి కలిపి, ఆ పులుపు మా కుండలో పోసి మూత పెట్టాను. చీకటి పడ్డాక అమ్మ వచ్చి కుండ మూత తీసింది. ఒక్కో ఇంటి పులుపుది ఒక్కో వాసన... అమ్మ వాసన చూసింది, నావంక చూసింది, పక్కింటి వంక చూసింది. మళ్ళీ మూత పెట్టేసింది.

మర్నాడు తెప్ప కనపడేదాకా ఒడ్డున ఇసకలో నిలబడే ఉన్నాను. నాన్న ఖాళీ గిన్నె నా చేతికిచ్చి, "ఇయ్యాల అంబలి బాగున్నాదే. రోజూ ఇలాగే సెయ్యమను మీయమ్మని" అన్నాడు. ఆ మాట అమ్మకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ రోజు నుంచి పైడమ్మ పిన్ని చేపలు ఆరబెట్టే వేళకి అమ్మ మా కోళ్ళను గంప కింద మూసేసేది. ఎవరూ చెప్పలేదు. మాటలు కలవడానికి ఇంకో ఆరు నెలలు పట్టిందనుకోండి...

మొన్న మనవడు తను పనిచేసే చోటికి నన్ను తీసుకెళ్ళాడు. అక్కడ బీరు తయారుచేస్తారు. వీడెక్కడ తాగుడు నేర్చుకుంటాడో అని నాకు బెంగ, అది వేరే సంగతి. మనిషి కంటే ఎత్తు స్టీలు డ్రమ్ములు... పాత బీరు అడుగున పేరుకున్న ఈస్టునే తీసి కొత్తదాంట్లో వేస్తారట. "అది సచ్చిపోతే ఏటి సేత్తారు?" అని అడిగాను.

"ఇంకో కంపెనీవోల్లని అడిగి తెచ్చుకుంటాం అమ్మమ్మా."

"ఆల్లకీ మీకూ పోటీ కదరా, ఇస్తారా?"

"ఎందుకివ్వరు?" అన్నాడు, అదొక ప్రశ్నా అన్నట్టు. నాకు ఆ డ్రమ్ముల మీదా, ఆ పిల్లల మీదా ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

ఇప్పుడు యారాడలో కూడా కుండ ఉన్న ఇళ్ళు తక్కువ. బీచ్ రోడ్డులో గ్లాసుల్లో అమ్ముతున్నారు, మంచిదే... కానీ అది ఎవరింటి వాసనో తెలీదు. మీ ఇంటి పులుపు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో గుర్తుంటే రాయండి, చదువుకుంటాను.

పైడమ్మ పిన్ని పోయి చాలా ఏళ్ళయింది. వాళ్ళమ్మాయి నూకరత్నం పెందుర్తిలో ఉంటుంది. ఇల్లు మారేటప్పుడు కుండ పగిలిపోయిందట. నిన్న ఫోన్ చేసి, ఎండల గురించీ నా బీపీ గురించీ అరగంట మాట్లాడి, చివరికి కాస్త పులుపు ఇస్తావా అని అడగలేక అడిగింది. రత్నం, నువ్వు బయలుదేరకు, ఈ ఎండలో బస్సులు మారి నువ్వొస్తే నాకు దిగులు. ఈ ఆదివారం, పదకొండో తేదీ, పొద్దున తొమ్మిదికల్లా నేనే మీ ఇంటికి వస్తున్నాను.