గునుగు కాని పువ్వు

మా ఊరి పేరులో లేక్ ఉంది, ఊళ్లో లేక్ ఉంది, కానీ ఆ నీళ్లు తాకాలంటే ఒడ్డున ఇల్లుండాలి. మిగతావాళ్లకు పార్కు దగ్గర కాస్త ఒడ్డు వదిలారు, అది కూడా బాతుల రెట్టలతో కలిపి. డెట్రాయిట్ చుట్టూ ఇలాంటి ఊళ్లకు కొదవ లేదు.

ఇల్లు కొన్నప్పుడు ఏజెంటు అది మంచుయుగంలో తనంతట తానే ఏర్పడిన సరస్సని ఊదరగొట్టాడు. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. నేను చెరువుకట్ట మీద ఆడుకుని పెరిగినదాన్ని. తూర్పువైపు పచ్చిక కింద తిన్నగా సాగే గట్టునూ, దాని చివర తూమునూ చూడగానే నవ్వొచ్చింది. ఇది చెరువు. వాగుకు అడ్డంగా కట్ట వేస్తే నిలిచిన నీళ్లు. పార్కులో బోర్డు కూడా అదే చెబుతుంది. పిండిమర కోసం ఒకాయన వాగును ఆపాడట. ఊరి చరిత్ర ఆయనతోనే మొదలు, పార్కుకూ ఆయన పేరే. అంతకుముందు ఇక్కడ బతికినవాళ్లకు బోర్డు అడుగున ఒక్క వాక్యం పడేశారు. అదీ స్ప్రింక్లర్ నీళ్లకు సగం చెరిగిపోయింది.

చెరువన్నాక బతుకమ్మ గుర్తుకు రాకుండా ఉంటుందా? ఇక్కడ మేము స్కూలు జిమ్‌లో ఆడి, పార్కింగ్ లాట్‌లో పిల్లలు ఈదే ప్లాస్టిక్ తొట్టిలో బతుకమ్మలను వేస్తాం. అవి కదలవు, ఒకదానిమీద ఒకటి పడి ఇరుక్కుంటాయి. నా కూతురు పుట్టినప్పటి నుంచీ చూసింది ఆ తొట్టినే. వచ్చే ఏడు కాలేజీకి వెళ్లిపోతుంది. ఈలోగా ఒక్కసారైనా బతుకమ్మ నిజమైన నీళ్ల మీద ఊగుతూ పోవడం దానికి చూపించాలని నా పంతం.

బతుకమ్మ మొదలయ్యే ఎంగిలిపూల నాడు తంగేడుకు బదులు రోడ్డు పక్కన పసుపుపచ్చగా విరగబూసిన గోల్డెన్‌రాడ్ కోశాను. గునుగుకు ఏం చేయాలా అని వెతుకుతుంటే ఒడ్డు బురదలో ఊదారంగు కంకులు కనిపించాయి. అచ్చం రంగు అద్దిన గునుగే. అడుగున గింజ పట్టినా పైన ఇంకా పూలున్నాయి. అమ్మవారే ఇచ్చిందనుకున్నాను. వరుసలు పేర్చి, పైన పసుపు గౌరమ్మను పెట్టి, పట్టుగుడ్డ కప్పి, సాయంత్రం కూతురితో పార్కుకు వెళ్లాను. ఏమిటని అడిగితే చెప్పలేదు. చూసి మురిసిపోతుందని ఆశ.

గుడ్డ తీసి నీళ్ల మీద పెట్టి మెల్లగా తోశాను. బతుకమ్మ కదిలింది. వెనకనుంచి కేక వినబడింది.

“అమ్మా, స్టాప్! ఆ పర్పుల్‌వి ఎక్కడ కోసావ్?”

“ఈడ్నే కోసిన. గునుగు లెక్క లేదా బిడ్డా?”

“ఓ మై గాడ్. అది ఇన్వేసివ్ అమ్మా. సమ్మర్ అంతా మేం వాలంటీర్స్ అదే పుల్ చేసాం. సీడ్స్ వాటర్‌లో పడితే లేక్ మొత్తం వస్తుంది.”

“ఇన్వేసివ్ అంటే ఏంది?”

“ఇక్కడిది కాదు. బయటనుంచి వచ్చి, లోకల్ ప్లాంట్స్‌కి ప్లేస్ లేకుండా చేస్తుంది.”

అన్నాక నా మొహం చూసింది. యూరప్ నుంచి వచ్చిందనీ, వెనకటివాళ్లు గార్డెన్ కోసం తెచ్చుకున్నారనీ సర్దిచెప్పబోయింది. నా ఒళ్లు మండిపోయింది. తెచ్చినవాళ్ల పేర్లు పార్కులకు పెట్టి, పువ్వును మాత్రం పీకమంటారా? ఈ చెరువే ఇక్కడిది కాదు, దాని ఒడ్డున మొలిచినదాన్ని పట్టుకుని నీది ఏ ఊరని అడుగుతారా? పార్కంతా వినబడేలా అరిచాను. నా కూతురు బూట్లతోనే మోకాళ్లలోతు నీళ్లలోకి దిగి బతుకమ్మను పట్టుకొచ్చింది. అది చేసింది సరైన పనేనని నాకు తెలుసు. అందుకే ఎక్కువ కాలింది.

కలుపు పీకేటప్పుడు వాడే నల్ల సంచులు కారు డిక్కీలో ఉన్నాయి. ఒకదానిలో బతుకమ్మను తలకిందులుగా దించి ముడి వేసింది. అంతకుముందే గౌరమ్మను తీసి నా చేతిలో పెట్టింది.

“పసుపు ఓకే అమ్మా,” అంది.

గింజలున్న పూలను ఎరువులో కూడా కలపకూడదట, చెత్తలోనే వేయాలట. గురువారం పొద్దున చెత్తబండి వచ్చి బతుకమ్మను ఎత్తుకుపోయింది. కిటికీ దగ్గర నిలబడి చూశాను. సాగనంపే పాట నోటిదాకా వచ్చింది, పాడలేదు.