చేను చుట్టూ వెయ్యని సాళ్లు

ముందే ఒప్పేసుకుంటున్నాను. నన్ను ఏనుగు తొక్కిందని నేను రాస్తే, దోమ కుట్టిందని మీరు చదువుకోవాలి. పుట్టుకతో వచ్చిన గుణం, యాభై దాటుతున్నా పోలేదు.

మొన్న సత్తెనపల్లిలో ఒక విత్తనాల కొట్టు ముందు ఆగి, బీటీ పత్తి పాకెట్టుతో పాటు వెనకటి చిన్న పొట్లం ఇంకా ఇస్తున్నారా అని అడిగాను. "ఇప్పుడు వేరే పొట్లం లేదండి, అందులోనే కలిపేస్తున్నారు. రైతు పారేద్దామన్నా కుదరదు" అని కొట్టాయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నా ఈడువాళ్లకి ఆ పొట్లం గుర్తుండే ఉంటుంది. అందులో ఉండేవి మామూలు పత్తి గింజలు, చేను చుట్టూ కొన్ని సాళ్లు వెయ్యడానికి. బీటీ మొక్కని కొరికిన పురుగు చస్తుంది కదా, ఎక్కడో ఒక మొండిది చావకుండా మిగిలితే, అది ఇంకో మొండిదానితో కాక, ఆ మామూలు సాళ్లలో పెరిగిన మెతకదానితో జతకట్టాలి, అప్పుడు పిల్లలూ మెతకవే పుడతాయి. వ్యవసాయ డిప్లొమా చేతబట్టుకుని, చీరాల దాకా వినపడే మోటారు సైకిలు మీద ఊరూరా తిరిగి, ఇది రైతులకి చెప్పడమే అప్పట్లో నా ఉద్యోగం.

మా మేనమామకి సత్తెనపల్లి పక్కనే నాలుగెకరాల నల్లరేగడి ఉండేది. ఆయన మీసం మీద రెండు కాకులు కాపురం పెట్టొచ్చు. ఆ సాళ్లు వెయ్యమని మూడు రోజులు ఆయన కాళ్లావేళ్లా పడ్డాను.

"ఏరా అల్లుడూ, పురుగుల పెళ్లికి నా చేలో విడిదిల్లు కట్టమంటావా?" అన్నాడు మామయ్య.

"పెళ్లివారికి వంట మాత్రం నేను చెయ్యను" అంది అత్తయ్య లోపల్నించి.

పొట్లం గట్టు అవతల పడింది. ఊరందరి పొట్లాలూ అలాగే పడ్డాయి.

మొదట్లో మంచాల కిందా పత్తే, పప్పు డబ్బాలోనూ పత్తే. మందు కొట్టడం తగ్గి, ఊరు కంపు కొట్టని భాద్రపదం మొదటిసారి చూశాం. చేలోకి పిట్టలు తిరిగొచ్చాయి. అలా కొన్నేళ్లు గడిచాక ఒకనాడు మామయ్య కబురు పెట్టాడు. పచ్చటి కాయ ఒకటి కోసి, గోటితో చీల్చి, నా అరచేతిలో పెట్టాడు. లోపల గులాబీరంగు పురుగు, మొసలంత. ఇంకో కాయ, ఇంకో కాయ. ఏ కాయ చీల్చినా అదే. ఆ ఏడే చేను పీకేశాడు, మళ్లీ పత్తి జోలికి పోలేదు, పొలం కౌలుకిచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

ఇప్పటికీ ఇంజెక్షనుకి నర్సు దూది తీస్తే, అందులో ఏదో కదిలినట్టుంటుంది నాకు. మామయ్య పోయినప్పుడు ముక్కులో దూది పెట్టారు. అటు చూడలేక బయటికొచ్చేశాను.

కాలం మారింది. మనిషి మాట మీద ఆధారపడకుండా గింజలో గింజ కలిపి పంపిస్తున్నారు. ఆ పని అప్పుడే చేసి ఉంటే ఎంత బాగుండేది!

ఇక నేను కల్పించింది చెప్పాలి. మీసాన్నీ మొసలినీ మీరు ఎలాగూ నమ్మరు. నేను కాళ్లావేళ్లా పడ్డానన్నది అబద్ధం. నిజానికి మామయ్య పొట్లం చేతిలో పట్టుకుని, "ఇది ఏ పక్క వెయ్యాలి అల్లుడూ?" అనే అడిగాడు. ఎండ మండిపోతోంది, ఇంకా మూడు ఊళ్లు తిరగాలి. పురుగుల పెళ్లి, విడిదిల్లు అన్నది నేను. మామయ్య పగలబడి నవ్వి, పొట్లం గట్టు అవతల పారేశాడు. తర్వాత ఊళ్లోనూ అదే జోకు వేశాను. వాళ్లూ బాగా నవ్వారు.