బాలమణి చేతివంట

ఇన్నేళ్లుగా దీన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

శంషాబాద్‌కు విమానాశ్రయం రాని తొంభైల్లో, అక్కడ రక్తం, మలం పరీక్షించే ఒక చిన్న ల్యాబులో టెక్నీషియన్‌గా చేసేవాణ్ణి. మాది కోస్తా. మధ్యాహ్నం భోజనం సాతంరాయి దగ్గర ఒక మెస్సులో. వంటమనిషి బాలమణిది ఆ దగ్గర్లోని పాల్మాకుల అనే ఊరు. ఒకరోజు అందరూ తింటుండగా నన్ను చూపించి, "గీ సారు పొద్దంతా మంది పియ్యి పిసుకుతడు, జర దూరం కూసోండ్రి" అంది. అంతా పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల భగ్గుమంది.

ఆ వానాకాలం మెస్సులో తినేవాళ్లు వరసగా టైఫాయిడ్‌తో పడ్డారు. జ్వరం లేకుండానే క్రిమిని మోస్తున్న మనిషెవరైనా వంటింట్లో ఉన్నారేమోనని యజమాని బాలమణినీ, రెండో వంటవాడు మల్లేశాన్నీ మలపరీక్షకు పంపాడు. ఇద్దరివీ చెరో గాజు ప్లేటు మీద గీసి, వెచ్చటి పెట్టెలో ఉంచాను. మర్నాడు మల్లేశం ప్లేటు నిండా నల్లచుక్కలు. తర్వాతి పరీక్షల్లోనూ టైఫాయిడ్ క్రిమేనని తేలింది. బాలమణి ప్లేటులో అలాంటిదేమీ లేదు.

పేర్లు తుడిచి, అటుదిటు ఇటుదటు రాశాను. ఒక్క హాస్యానికి ఇంత శిక్షా అని ఆ క్షణాన నాకు తోచలేదా? తోచింది. తోచాకే రాశాను.

ఆమెను పనిలోంచి తీసేశారు. మళ్లీ శాంపిల్ పట్టుకుని వచ్చింది.

"జర మల్ల జూడు సారూ. నాకేం రోగం లేదు. ఇంట్ల బిడ్డకన్న వండిపెట్టొచ్చా?"

"వండకూడదండీ. మీ చేత్తో ముద్ద కూడా పెట్టకండి," అన్నాను.

ఆ శాంపిల్ సింకులో పారబోసి, పాత ఫలితమే చెప్పాను. మందులతో పోతుందన్న మాట కూడా చెప్పలేదు.

మల్లేశం వండుతూనే ఉన్నాడు. నేను మాత్రం ఇంటినుంచి క్యారేజీ తెచ్చుకోవడం మొదలుపెట్టాను, తెలిసినవాణ్ణి కదా. ఆ మెస్సులో రోజూ తినే లారీ డ్రైవరొకడు టైఫాయిడ్ ముదిరి, పేగుకు చిల్లుపడి చచ్చిపోయాడు. అప్పుడైనా నోరు విప్పానా? లేదు.

మొన్న చెప్పేద్దామనే పాల్మాకుల వెళ్లాను. ముసలిదైపోయిన బాలమణి అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టలేదు. మనవడు ఆకలని ఏడుస్తుంటే పక్కింటామెను కేకేసింది. "నా చెయ్యి మంచిది కాదక్కా, నువ్వే జర తినిపియ్యి."

చెప్పకుండానే వచ్చేశాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. రాస్తుంటే గుండె తేలికవుతోంది, సిగ్గులేకుండా ఆకలి కూడా వేస్తోంది. లోపల మా ఆవిడ వడ్డించి పిలుస్తోంది, వెళ్లి తింటాను.