గేటు మీద పెద్ద మాట

నన్ను సగం చంపింది నా మోకాళ్లు. మిగతా సగం, నేనే చేజేతులా రాయించుకున్న బోర్డు. ఆ కథ చెప్తాను, మీరు నవ్వుకోండి. నాకు నవ్వే ఓపిక లేదు.

మా ఆయన మేస్త్రి. పునాదికి ముగ్గు పోసినప్పుడల్లా తాడు రెండో కొస నా చేతిలోనే ఉండేది. ఆయన పోయాక పోర్ట్ బ్లెయిర్‌లో ఓడలు ఆగే ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర ఇడ్లీల బండి తోశాను. తోసి తోసి మోకాళ్లు తుప్పు పట్టిన తలుపు బందుల్లా కిర్రుమన్నాయి. అలాంటప్పుడు మా ఆస్టినాబాద్‌లో పక్కింటి టీచరమ్మ, "దీదీ, మేం ఇల్లు కడుతున్నాం. వాన ఏ వైపు కొడుతుందో, వంటిల్లు ఎటు పెట్టాలో నువ్వే గీసివ్వు" అంది. గీశాను. ఆ ఇల్లు చూసి ఇంకొకరొచ్చారు. హమ్మయ్య, కూర్చుని చేసే పని దొరికింది దేవుడా అనుకున్నాను.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? బోర్డు రాయించాను.

"పేరు కింద ఏం రాయను దీదీ?" అన్నాడు పెయింటరు.

"ఇళ్లు గీసేవాళ్లని గొప్పగా ఏటంటారు భయ్యా?"

"ఆర్కిటెక్ట్."

"అదే రాయి. నా పేరు కంటే లావుగా రాయి."

రంగు ఆరిందో లేదో, కళ్లజోడు పెట్టుకుని ఒకాయన వచ్చాడు. మన తెలుగాయనే. ఇల్లు కట్టించుకునే పార్టీ అనుకుని టీ ఇచ్చి, పోర్ట్ బ్లెయిర్ సగం నేనే నిలబెట్టినట్టు కోతలు కోశాను.

"బాగుందమ్మా. మరి రిజిస్ట్రేషన్ నంబరుందా?"

"లేకపోవడమేటి బాబూ!" లోపలికెళ్లి, ఈ దీవుల మనిషినని సర్కారిచ్చిన ఐలాండర్ కార్డు తెచ్చి చేతిలో పెట్టాను. "షిప్పు టికెట్టుకి కూడా ఇదే చూస్తారు."

ఆయనకి టీ పొలమారింది.

"అమ్మా, నేను ఆర్కిటెక్ట్‌ని. అది చదివి, పేరు నమోదు చేయించుకున్నవాళ్లే ఆ మాట పెట్టుకోవాలి. లేకపోతే కేసవుతుంది."

ఓలమ్మో! కళ్ల ముందు ఇడ్లీ బండి చక్రాలు గిర్రున తిరిగాయి.

"అయితే పని మానేయాలా? ఈ మోకాళ్లతో మళ్లీ బండి తొయ్యలేను బాబూ."

"మానక్కర్లేదు, గీసుకోండి. ఆ మాట ఒక్కటే తీసెయ్యండి."

"అంటే పని నేను చెయ్యాలి, పేరు మాత్రం ఉండకూడదు. అంతేనా?"

"అంతే."

"అదా! పెళ్లైన నాటి నుంచీ చేస్తున్నది అదే కదా బాబూ. దానికింత భయపెట్టాలా?"

పెయింటరొచ్చి ఆ మాట చెరిపేశాడు. గేటు మీద నా పేరొక్కటే మిగిలింది. వట్టి ఆడమనిషి పేరు కనబడితే జనం ఊరుకుంటారా? రోజూ ఎవరో ఒకామె జాకెట్టు గుడ్డ పట్టుకొచ్చి, "ఎప్పటికిస్తావ్ దీదీ?" అంటోంది. నాది కుట్టుపని కాదని చెప్పి చెప్పి గొంతు పోయింది.

అందుకని సముద్రం మీద ఒట్టేసి చెప్తున్నాను: ఇక ఈ జన్మలో నా పేరుకి ఏ తోకా తగిలించను. విసుగెత్తి ఆ జాకెట్లే కుట్టేద్దామనుకున్నా, టైలరనే మాటకి లైసెన్సు కావాలేమో కనుక్కున్నాకే సూది పట్టుకుంటాను.